రెండు నుంచి నాలుగు వరకు

ఫిబ్రవరి 3

ఈ డైరీ చక్రి ఇచ్చాడు. మా వెనకింట్లో అద్దెకుండే కుర్రాడు. వాళ్ల కంపెనీది, అట్ట మీద బంగారు అక్షరాలు. బాబాయ్ గారూ, మీ దగ్గర ఇన్ని కబుర్లున్నాయి కదా, ఊరికే పోనివ్వకుండా రాసిపెట్టండి అన్నాడు. జనవరంతా ఏం రాయాలో తోచక ఖాళీగా వదిలేశాను. ఇవాళ ఒకటి దొరికింది.

మేడ మీద వాటా అద్దెకిచ్చాను. దిగింది ఒక తెల్లావిడ. పేరు ఇల్జె. ఊరు రీగా. అట్లాసులో వెతికితే మంచు పక్కన కనపడింది. వయసు నలభై లోపే. పొట్టి జుట్టు, భుజాలు మాత్రం బియ్యం బస్తాలు మోసినవాడి భుజాలు. గన్నవరంలో విమానం దిగి ఎనిమిది పెట్టెలతో వచ్చింది. బట్టల పెట్టె ఒక్కటే. తక్కిన వాటిలో మైకులు, వైర్లు, పాత బూట్లు, గొలుసులు, ఒక గొడ్డలి.

ఆవిడ పని ఇదీ. బెర్లిన్‌లో ఒక కంపెనీ వీడియో గేములు తీస్తుంది. వాటిలో మనుషులు నరుక్కుంటారు. బొమ్మలు వాళ్లు గీస్తారు. నరికిన చప్పుడు ఈవిడ చేసి పంపుతుంది. ఇంటర్నెట్ ఉంటే ఏ దేశంలో కూచునైనా చేయొచ్చట. చియాంగ్ మాయ్‌లో ఉంది, గోవాలో ఉంది. గోవా నిండా తనలాంటి వాళ్లే చేరి అద్దెలు పెంచేశారట. తనలాంటి వాళ్లు ఒక్కరూ లేని చోటు కావాలి, నది ఉండాలి, నెట్టు బాగుండాలి, చవగ్గా బతకగలగాలి అని మ్యాపు ముందేసుకుంటే బెజవాడ తగిలిందట. డెబ్భై నాలుగేళ్లుగా ఇక్కడే ఉన్నాను. ఈ ఊరు చవకని నాకు ఒక్కరూ చెప్పలేదు.

గదిలో అడుగుపెట్టగానే ఒక్క చప్పట కొట్టి, తల వాల్చి విని, ఓకే అంది. అక్కడే నాకు నచ్చేసింది. నలభై ఒక్కేళ్లు మైకుసెట్టు నడిపినవాణ్ణి. ఏ కల్యాణమండపంలోకి వెళ్లినా నేనూ ముందు చప్పటే కొట్టేవాణ్ణి. పెళ్లికొడుకు తండ్రి ఎదురొచ్చినా సరే, చప్పటయ్యాకే నమస్కారం.

మొగల్రాజపురం కొండ మా వీధికి వీపు. చప్పుడును మింగదు, తిప్పి పంపుతుంది. మా వీధిలో ఒకరు దగ్గితే అది ఎవరింట్లో దగ్గో చెప్పడం కష్టం.

ఆ వీసా మీద ఇక్కడ పని చేయొచ్చా అని నేనడగలేదు. ఆవిడా చెప్పలేదు. విదేశీయులు దిగితే ఇంటాయన పోలీసులకి నింపివ్వాల్సిన ఫారం సి మాత్రం నింపాను.


ఫిబ్రవరి 11

ఇవాళ మధ్యాహ్నం పని మొదలుపెట్టింది. పదకొండు కొబ్బరికాయలు గొడ్డలితో పగలగొట్టింది. పదకొండు పుర్రెలన్నమాట. నాలుగో పుర్రెకే వీధంతా మా మెట్లెక్కింది. ముందు బుల్లెమ్మ. కొండ మెట్ల మొదట్లో గంప పెట్టుకుని చేపలమ్మే మనిషి. చేతిలో చేపల కత్తి అలాగే ఉంది, దాని మీద పొలుసులు అలాగే ఉన్నాయి. ఎవర్ని చంపుతున్నారండీ, చెప్పండి ముందు, మిగతా సంగతి నే చూసుకుంటా అంది. లోపల తెల్లావిడ ఒళ్లంతా కొబ్బరి నీళ్లతో నిలబడి ఉంది. ఓసి నీ దుంపతెగ, పచ్చడికి ఇన్నెందుకే తల్లీ అంది బుల్లెమ్మ.

సాయంత్రం చక్రి వచ్చాడు. మంచి మర్యాదస్తుడు, వచ్చినప్పుడల్లా కాళ్లకు దణ్ణం పెడతాడు. అమెరికా ఆసుపత్రుల బిల్లులేవో ఇంట్లోంచే కంప్యూటర్లో చూస్తాడు. రాత్రి డ్యూటీ, పొద్దున్న నిద్ర. బాబాయ్ గారూ, ఆవిడ పని ఆవిడది, కాదనను. మీ పెద్దరికంతో ఒక టైమంటూ పెట్టి, కాగితం మీద రాసి గేటుకి తగిలించండి, ఎవరికీ టెన్షన్ ఉండదు అన్నాడు. నాకూ సబబుగా తోచింది. రెండు నుంచి నాలుగు అనుకున్నాం. రాస్తుంటే, అరుపులు, ఏడుపులు కూడా వేసెయ్యండి బాబాయ్ గారూ, రేపెప్పుడైనా ఆవిడ అవీ చేస్తే మళ్లీ ఇంకో కాగితం ఎందుకు అన్నాడు. ముందుచూపున్న కుర్రాడు.

నా చేతిరాత మీద నాకు గర్వం. చదివింది ఐదో క్లాసు. అక్షరాలు దిద్దుకున్నది సినిమా గోడపత్రాల మీద. పెద్ద అట్ట తీసుకుని ఇలా రాశాను.

గమనిక. ఈ ఇంటి మేడపైన వృత్తిరీత్యా శబ్దములు చేయబడుచున్నవి. మధ్యాహ్నం 2 నుంచి 4 వరకు దెబ్బలు, అరుపులు, ఏడుపులు వినిపించును. అవి నిజమైనవి కావు. ఎవరును కంగారు పడవలదు. ఇట్లు, రామకోటేశ్వరరావు (మైకుసెట్టు).

ప్లాస్టిక్ కవరు తొడిగి గేటుకు కట్టాను. ఆగి చదవనివాడు లేడు.


ఫిబ్రవరి 19

నేను అసిస్టెంటునయ్యాను. ఈ వయసులో ప్రమోషన్.

వాళ్ల దేశంలో ఎముక విరిగిన చప్పుడుకి సెలరీ అనే కాడలు విరుస్తారట. ఇక్కడ దొరకదని దిగులు పడింది. నేను కట్ట ములక్కాడలు తెచ్చి చెవి దగ్గర ఒకటి విరిచాను. ఆవిడ ముఖం పండగైంది. కడుపులో కత్తి దిగడానికి అరటి బోదె. చెంపదెబ్బకి తడి తువ్వాలు చుట్టిన మేకమాంసం. గొంతు కోసినప్పుడు బుడబుడకి గంజి. నెత్తురు కారడానికి కూడా గంజే, కాస్త పలచన. ఒక పక్క నరుకుతూ ఇంకో పక్క వంటింటి సరుకులు మాట్లాడుకునే ఉద్యోగం నా జన్మలో చూడలేదు.

నా ఇంగ్లీషు ఆంప్లిఫయర్లతో వచ్చే చిన్న పుస్తకాల్లోది. కనెక్ట్, డిస్‌కనెక్ట్, డేంజర్ బాగా వచ్చు. తక్కినది భానుశ్రీ తర్జుమా చేస్తుంది. భానుశ్రీ చక్రి భార్య. పామర్రు పిల్ల. కోచింగ్ కాలేజీలో బయాలజీ చెప్పేది, ఇప్పుడు మానేసింది. ఆ అమ్మాయి నవ్వితే కొండ ఇంకోసారి నవ్వుతుంది. ఇవాళ అరటి బోదెని తనే పొడిచింది. కాలేయం ఈ పక్కనండీ బాబాయ్ గారూ, అక్కడ పొడిస్తే చావడు అని నాకు పాఠం చెప్పింది. ఈ పని ఇంట్లో కూచుని నేనూ చేయొచ్చా అని ఇల్జెని అడిగింది. రెండు మైకులుంటే చాలు, నేర్పిస్తానంది ఇల్జె.

నాటకాల రోజుల కథ ఒకటి వాళ్లకి చెప్పాను. కుర్రతనంలో ఒక నాటక సమాజం వెంట తిరిగాను, తెర వెనక చప్పుళ్లు నావి. రేకు ఊపితే ఉరుము. పామర్రులో గదాయుద్ధం సీను. పైన ఇద్దరూ ఉత్తుత్తిగా కొట్టుకుంటుంటే కింద నేను దిండు మీద కర్రతో బాదాలి. ఆ రోజు వాళ్లిద్దరికీ నిజంగానే పడదు, టిఫిను దగ్గర తగాదా. ఒకడు నిజంగానే కొట్టాడు. నేను కంగారులో దిండు కొట్టలేదు. అవతలివాడి పక్కటెముకలు రెండు విరిగాయి. జనం ఏమన్నారంటే, చప్పుడేదిరా, సరిగ్గా కొట్టు అని కేకలు. నిజమైన దెబ్బకు చప్పుడుండదు. మనం కలిపితేనే ఉంటుంది.

ఇల్జె ఈ మాట నోట్సులో రాసుకుంది.


మార్చి 2

ఇవాళ నా ములక్కాడ బెర్లిన్‌లో పాసైంది. ఎవడిదో మోకాలు విరిగిందట.


మార్చి 9, ఆదివారం

బుల్లెమ్మ బొచ్చె చేప తెచ్చింది, నాలుగు కేజీలది, ఇల్జె పొడవడానికి. ఇచ్చి పోకుండా అరుగు మీద కూచుంది. మైకు బాబుగారూ, ఆ దొరసాని చేసే చప్పుళ్లలో ఏడుపు ఎవరిది అంది. అదేదో వాళ్ల పద్ధతి అన్నాను. అది మనిషేడుపండీ, నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చేది, మా ఆయన బతికున్న పద్దెనిమిదేళ్లు నేనట్టాగే ఏడ్చా అంది.

కొండ గురించి అరగంట చెప్పాను. చప్పుడు రాతికి తగిలి ఎలా తిరిగొస్తుందో, చెవి ఎలా మోసపోతుందో పలక మీద గీసి చూపించాను. ఆవిడ శ్రద్ధగా చూసి లేచి గంప నెత్తికెత్తుకుంది. మీకు మైకులు తెలుసండీ బాబుగారూ, ఏడుపు నాకు తెలుసు అని వెళ్లిపోయింది.

చదువుకోని వాళ్లతో ఇదే చిక్కు. నేను చదువుకున్నానా అంటే అదీ లేదు. బొచ్చె మాత్రం తాజాగా ఉంది.


మార్చి 14, సాయంత్రం 4.30

ఇవాళ్టి అరుపు అద్భుతం. మూడింటికి కునుకులో ఉండగా వచ్చింది. పైకి లేస్తుందనుకునేలోపు ఎవరో చేత్తో మూసినట్టు తెగిపోయింది. ఆ తెగడంలోనే ఉంది ఆర్టు అంతా.


మార్చి 15

నిన్నటి అరుపు మెచ్చుకుంటే ఇల్జె నా ముఖంలోకి చూసింది. నేను అరుపులు చేయను మిస్టర్ కోటి, గొంతులన్నీ బెర్లిన్‌లో యాక్టర్లవి, నావి దెబ్బలు మాత్రమే అంది. అయితే ఎవరింట్లోనో టీవీ అయ్యుంటుంది. కొండ సంగతి తెలిసిందే కదా.


మార్చి 22

భానుశ్రీ రావడం మానేసి మూడు వారాలు. ఇవాళ పెరట్లో బట్టలారేస్తుంటే పలకరించాను. నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని తలూపింది. చక్రి లోపలి నుంచి వచ్చి, జ్ఞానదంతం తీయించాం బాబాయ్ గారూ, మాట్లాడకూడదన్నారు అన్నాడు. నాకు జ్ఞానదంతం తీసిన కథ గుర్తొచ్చింది. ఆ డాక్టరు పంటికి బదులు నా దవడని కుర్చీకి కట్టాడనుకోండి ఇంచుమించు. ఆ కథంతా గోడ మీదుగా చెప్పాను. చక్రి పడి పడి నవ్వాడు. భానుశ్రీ లోపలికి వెళ్లిపోయింది.


మార్చి 30

ముంజెలు వచ్చాయి. ఇల్జె వాటితో కళ్లు పీకే చప్పుడు చేసింది. మిగిలినవి ఇద్దరం తిన్నాం.


ఏప్రిల్ 4, సాయంత్రం 5

ఇది రాయాలని లేదు. అయినా రాస్తాను.

మధ్యాహ్నం ఇల్జె పైకి పిలిచింది. మార్చి పధ్నాలుగు నాటి రికార్డింగు శుభ్రం చేసే పనిలో ఉందట. తన గొడ్డలి దెబ్బలన్నీ ఒక్కొక్కటే తీసేసి, వెనకాల మిగిలినదాన్ని పెంచింది. హెడ్‌ఫోన్లు నా చెవులకి పెట్టింది.

ముందు ఫ్యాను. తరవాత కాకి. తరవాత మెత్తగా ఒక దెబ్బ. ఇంకోటి. దిండు మీద పడినట్టు. చప్పుడు లేని దెబ్బలు. మధ్యలో బుల్లెమ్మ చెప్పిన ఏడుపు. తరవాత ఒక గొంతు, తాపీగా, బస్సు టైము చెబుతున్నట్టు. ఇంకా నాలుగు కాలేదు, అరువు, ఎంతసేపరుస్తావో అరువు. ఆ తరవాత నేను మెచ్చుకున్న అరుపు.

చక్రి గొంతు.

మేడ వెనక గది వెంటిలేటరు వాళ్ల వంటింటి కిటికీకి ఎదురుగా ఉంటుంది. పదడుగులు.

ఇల్జె మిగతా ఫైళ్లు కూడా విప్పింది. ఫిబ్రవరి పదమూడు నుంచి ఉంది. కాగితం కట్టిన మూడో రోజు. ఏ ఫైల్లోనూ రెండుకు ముందు లేదు, నాలుగు తరవాత లేదు. నా కాగితాన్ని ఇంత నిక్కచ్చిగా పాటించినవాడు వీధిలో ఇంకొకడు లేడు.


ఏప్రిల్ 5, ఉదయం 5

నా భార్య రామతులసి గురించి ఈ డైరీలో ఒక్క ముక్క రాయలేదు. పోయి తొమ్మిదేళ్లు. ఎన్నో కథలు చెబుతాను, ఈ కథ చెప్పను.

1981. మైకుసెట్టు కొత్త. ఒక పెళ్లిలో ఆంప్లిఫయరు కాలిపోయి, నలుగురిలో తిట్లు తిని ఇంటికొచ్చాను. తను ఏదో అడిగింది. ఏమడిగిందో కూడా గుర్తులేదు. కొట్టాను. ఒకసారి కాదు. మొదటి దెబ్బకే తను లేచి వెళ్లి రేడియో వాల్యూమ్ పెంచింది. పెంచి మళ్లీ వచ్చి అక్కడే నిలబడింది. పక్కింటికి వినపడకూడదని.

రేడియోలో ధాన్యం ధరలు చెబుతున్నారు. ఆ తరవాత ఎప్పుడూ కొట్టలేదు. తనూ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నేను దాన్ని మంచితనం కింద జమ వేసుకున్నాను, నాది.


ఏప్రిల్ 5, మధ్యాహ్నం 3

రెండుంబావుకి మొదలైంది. వెళ్లి తలుపు బాదాను. చక్రి తీశాడు. చొక్కా నలగలేదు. రండి రండి బాబాయ్ గారూ, కాఫీ తాగుదురు గానీ, భానూ, బాబాయ్ గారొచ్చారు అన్నాడు. ఆ అమ్మాయి గ్లాసు తెచ్చిచ్చింది. చేయి మీద మణికట్టు దగ్గర నాలుగు వేళ్లు అచ్చుగా ఉన్నాయి. తాగాను. ఏం మాట్లాడానో తెలుసా, ఎండల గురించి. నేను గేటు దాటగానే మళ్లీ వినపడింది.


ఏప్రిల్ 6

భానుశ్రీకి బుల్లెమ్మతో కబురంపాను. రొయ్యలు ఇచ్చే వంకతో కిటికీ దగ్గరికి వెళ్లి, పామర్రు పోమ్మా, బండి నేను మాట్లాడతా అందట. రెండుసార్లు వెళ్లానత్తా, రెండుసార్లూ మా అన్నయ్య కిరీటే బైకు మీద తెచ్చి దింపాడు, ఈసారి వెళ్తే తలుపే తీయనన్నాడు అందట ఆ అమ్మాయి. ఎందుకే తల్లీ ఈ కొట్టడం అంటే, ముందు నుంచీ ఉన్నదేనత్తా, ఇల్జె దగ్గర పని నేర్చుకుంటానన్నాక, మైకులు కొనడానికి గాజులమ్మానని తెలిశాక ఎక్కువైంది అందట.

ఇదంతా చెప్పి బుల్లెమ్మ నా వంక చూడకుండా గంప సర్దుకుంది. నేను పలక మీద గీసిన బొమ్మ గురించి ఏమీ అనలేదు. అంటే బాగుండేది.


ఏప్రిల్ 7

ఇల్జె, నేను స్టేషనుకి వెళ్లాం. ఎస్సై కుర్రాడు, ఓపిగ్గానే విన్నాడు. ఒక కానిస్టేబుల్ని వెనకింటికి పంపి, ఈలోపు ఫైలు పెట్టమన్నాడు. విని, ఈవిడేం చేస్తుంటారండీ అని అడిగాడు. దెబ్బల చప్పుళ్లు చేస్తుందన్నాను. మీరో? మైకులు. మరి ఈ దెబ్బలు నిజమని నన్నెలా నమ్మమంటారు పెద్దాయనా అన్నాడు.

కానిస్టేబులు అక్కణ్ణుంచి ఫోటో పంపాడు. ఆ అమ్మాయి ఏమీ లేదని చెప్పిందట. చక్రి మా గేటు చూపించాడట. ఎస్సై ఫోను నా వైపు తిప్పాడు. నా చేతిరాత. అవి నిజమైనవి కావు. కింద నా సంతకం. ఇది మీదేగా అన్నాడు.

నాదే.

తరవాత ఇల్జె పాస్‌పోర్టు అడిగి వీసా పేజీ చాలాసేపు చూశాడు. టూరిస్టా అన్నాడు. పాస్‌పోర్టు మూసి తిరిగిచ్చాడు. ఇంకేమీ అనక్కర్లేదు.

బయటికొచ్చి కాగితం చింపేస్తానన్నాను. ఇల్జె వద్దంది. అది ఉంటేనే వాడు భయపడకుండా కొడతాడు, అప్పుడే పట్టుబడతాడు మిస్టర్ కోటి అంది.


ఏప్రిల్ 8

మంచం కింద నుంచి మైకుసెట్టు హారన్లు తీశాను. రెండే మిగిలాయి. డీజేలు వచ్చాక తక్కినవన్నీ ఇనుప సామాను వాడికి పోయాయి. ఇవెందుకు ఉంచానో తెలీదు. ఒక దాంట్లో బల్లి గుడ్లు. వాటి వెనకుండే యూనిట్లు విప్పి తుడిచి బిగించాను. ఆంప్లిఫయరు ఒక తన్ను తంతే మాట్లాడింది.

ప్లాను నాది. డాబా మీద హారన్లు రెండూ కొండవైపు తిప్పి పెడతాం. ఇల్జె పొడుగు మైకు వెంటిలేటర్లోంచి ఆ కిటికీకి గురిపెడుతుంది. వాడు మొదలెట్టగానే ఆవిడ చేయెత్తుతుంది, నేను వాల్యూమ్ తిప్పుతాను. ఫైలైతే అబద్ధమనొచ్చు. అప్పటికప్పుడు వాడి నోట్లోంచి వచ్చి కొండ మీద పడుతున్నదాన్ని ఎవడు అబద్ధమనగలడు?

ఇల్జె పొడుగు మైకు బయటికి తీసి తుడిచింది. తరవాత అడిగింది, అంటే మొదటి దెబ్బ పడనిస్తామన్నమాట. అవునన్నాను. ఆ దెబ్బ ఎవరి లెక్కలో అంది.

దానికి తర్జుమా అక్కర్లేకపోయింది.


ఏప్రిల్ 9, సాయంత్రం 6

అయింది. వరసగా రాయడానికి ప్రయత్నిస్తాను.

రెండుంబావు. డాబా కాలిపోతోంది. నీళ్ల ట్యాంకు నీడలో ఆంప్లిఫయరు ముందు కూచున్నాను. వెనక గది తలుపులోంచి ఇల్జె వీపు కనపడుతోంది, వెంటిలేటరు దగ్గర, మైకు చేత్తో పట్టుకుని, కదలకుండా. నా చెవులకి హెడ్‌ఫోన్లు.

రెండూ ఇరవై. స్టేషనుకి పోయింది ఎవరే అన్నాడు. మొన్నటి కానిస్టేబుల్ని మరిచిపోలేదు, రెండు రోజులు ఆగాడంతే. ఆ అమ్మాయి ఏదో అంది. దెబ్బ పడింది. ఇల్జె చేయెత్తింది.

నేను తిప్పలేదు.

ఎందుకో రాయాలి. మరీ బొంగురుగా వస్తోంది, హారన్లో పెడితే మాట తెలియదు, బేస్ తగ్గించాలి అనుకున్నాను. బేస్ తగ్గించాను. ట్రెబుల్ కొద్దిగా పెంచాను. ఎక్కువైతే కుయ్యిమని కూస్తుంది, అందుకని మళ్లీ కాస్త తగ్గించాను. నలభై ఒక్కేళ్ల చేయి, దాని పని అది చేసుకుపోయింది. ఈలోపు ఇంకో రెండు దెబ్బలు పడ్డాయి. మూడో దానికి ఏదో పటుక్కుమంది. చాలా స్పష్టంగా వినపడింది. సెట్టింగు కుదిరిందన్నమాట.

అప్పుడు తిప్పాను, ఫుల్.

కొండ మొత్తం చక్రి గొంతుతో మాట్లాడింది. ఏడువు, ఇంకా గంటన్నర ఉంది, గేటు మీద రాసుంది చదువుకోలేదా, ఎవరును కంగారు పడవలదు! నా వాక్యం. నేను అందంగా రాసిన వాక్యం, ఆ బండల మీద నుంచి రెండుసార్లు తిరిగొచ్చింది.

తరవాత వాడికీ వినపడింది. ఆగాడు. హారన్లో వాడి ఊపిరి, ఆ అమ్మాయి మూలుగు, కుక్కరు విజిలు. వీధిలో ఒక్క కుక్క అరవలేదు. కిటికీలోంచి తల బయటికి పెట్టి పైకి చూశాడు, హారన్ల వైపు. వాడి ముఖంలో ఏమీ లేదు. కరెంటు పోతే జనం పైకి చూస్తారే, అలా చూశాడు.

మొదట వెళ్లింది బుల్లెమ్మ. గంప బోర్లించేసి, చేపలు తొక్కుకుంటూ వెళ్లింది. తలుపు గడియ ఊడొచ్చింది. తరవాత వీధంతా. రెండు నెలలు మూసిన కిటికీల వెనక కూచున్న వాళ్లందరూ. చక్రిని జుట్టు పట్టి బయటికి ఈడ్చారు. చెప్పులు, హెల్మెట్, రోకలి, ఎవరో ప్లాస్టిక్ కుర్చీ. బుల్లెమ్మ కత్తి తిరగేసి మొద్దువైపు వేళ్ల మీద కొట్టింది, ఒక్కొక్క వేలూ, చేప తలలు కొట్టే లాఘవంతో. కొట్టేవాళ్ల ముఖాల్లో సంతోషం చూశాను. అబద్ధమెందుకు, పెళ్లిభోజనం దగ్గర కూడా అంత సంతోషం చూడలేదు. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. కొండకి ఏమీ పెద్దగా వినపడటం లేదు. తడి గోనెసంచులు దులుపుతున్నట్టుంది, అంతే. రెండు నెలలు నేనూ ఇల్జె చేసిన వాటిలో ఒక్కటీ ఇలా లేదు.

నేను మైకు స్టాండు పట్టుకుని దిగాను. ఇనుపది, అడుగున గుండ్రటి దిమ్మ. జనం నాకు దారిచ్చారు, పెద్దవాణ్ణని. వాడు నేల మీద నుంచి నన్ను చూసి, బాబాయ్ గారూ, మీరైనా చెప్పండి అన్నాడు.

ఒకసారే కొట్టాను. మోకాలి మీద. దెబ్బకు చప్పుడు లేదు. ఎముకకు ఉంది. అచ్చం ములక్కాడ.

ఇల్జె అప్పటికే లోపలికి వెళ్లి ఆ అమ్మాయిని ఎత్తుకుని వచ్చింది. రెండు చేతుల మీద, పసిపిల్లని తెచ్చినట్టు. ఆ భుజాలు ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది. ఆటోలో కూచోబెట్టి పక్కనే తనూ ఎక్కింది.

నాలుగింటికి జనం ఎవరి ఇళ్లకి వాళ్లు వెళ్లిపోయారు. నాలుక్కే.


ఏప్రిల్ 10

పోలీసులు వచ్చారు. చక్రి ఆసుపత్రిలో ఉన్నాడు, కుడి చేతి వేళ్లు నాలుగూ, మోకాలూ పోయాయి, బతుకుతాడు. మంచం పక్కన కానిస్టేబుల్ని పెట్టారట. భానుశ్రీ కేసు రాయించింది, ఈసారి సంతకంతో సహా. మరి వాణ్ణి కొట్టిందెవరు అని ఇంటింటికీ తిరిగి అడిగారు. ఎవరూ ఏమీ చూడలేదు, ఏమీ వినలేదు. మా వీధికి ఆ సాక్ష్యం చెప్పడం బాగా అలవాటు.

నన్నూ అడిగారు. స్టాండు చూపించాను. ఎస్సై దాన్ని చూసి, నన్ను చూసి, మీ వయసెంత అన్నాడు. చెప్పాను. స్టాండు గోడకి చేర్చి వెళ్లిపోయాడు.


ఏప్రిల్ 12

ఆసుపత్రికి వెళ్లాను. భానుశ్రీ దవడ రెండు చోట్ల విరిగింది. పళ్లకి తీగ కట్టారు. ఆరు వారాలు స్ట్రాతోనే తిండి. ఒకటి పాతదట, నెల కిందటిది. జ్ఞానదంతం. రెండోది మొన్నటిది. నేను గోడ మీదుగా ఆ పంటి కథ చెబుతున్నప్పుడు, ఆ చున్నీ కింద ఉన్నది ఆ మొదటిది.

ఫోనులో టైపు చేసి నాకు చూపించింది. బాబాయ్ గారూ, మీకు ఎప్పటి నుంచి వినపడుతోంది?

నా దగ్గర లేని కథ లేదు. ఏ ప్రశ్నకైనా ఒక కథ చెప్పి తప్పించుకోగలను. మార్చి పధ్నాలుగు అన్నాను. చాలా బాగుందనుకున్నానమ్మా అన్నాను. బేస్ సంగతి కూడా చెప్పేశాను. మూడో దెబ్బ నాదని చెప్పాను.

ఆ అమ్మాయి ఫోను కింద పెట్టి గోడవైపు తిరిగింది. మంచం పక్కన బుల్లెమ్మ గ్లాసులో గంజి కలుపుతోంది. ఇక వెళ్లండి బాబుగారూ అంది, మెల్లగానే.


ఏప్రిల్ 17

ఇల్జె వెళ్లిపోతోంది. వీసా గురించి పిలిచి మాట్లాడారు, మర్యాదగానే. ఇక డానాంగ్ అట, వియత్నాం. నది ఉందట, నెట్టు బాగుంటుందట.

వెళ్లే ముందు ఒక సంగతి చెప్పింది. మార్చి పధ్నాలుగు ఫైలు శుభ్రం చేయకముందే బెర్లిన్‌కి ఒక కాపీ పంపేసిందట. వాళ్లు ఆ అరుపుని గేములో పెట్టేశారు. అది నిజమైనది, తీసేయండి అని మూడుసార్లు రాసింది. చివరికి తీసేశారు. దాని బదులు అంత బాగుండేది ఇంకొకటి చేసి పంపమన్నారు.

రెండు మైకులు, ఒక పెట్టె వదిలి వెళ్లింది. పెట్టె మీద భానుశ్రీ పేరుంది. గొడ్డలి తీసుకెళ్లింది.


ఏప్రిల్ 21, మధ్యాహ్నం 2

ఈ డైరీలో ఖాళీగా ఉన్న జనవరి కాగితం ఒకటి చించి గేటుకు కట్టాను. పాతది తీసేశాను. కొత్తదాంట్లో ఇలా ఉంది.

గమనిక. ఈ ఇంట శబ్దములు చేయుట నిలిపివేయడమైనది. ఇకమీదట ఈ వీధిలో, ఏ వేళనైనను, వినిపించునవన్నీ నిజమైనవి. దయచేసి అందరును కంగారు పడవలెను.